రోగం లేనివాడికి లడ్డూలు

మా బాన్సువాడ కటింగ్ షాపుల మీద నాకొక ఫిర్యాదు ఉంది. ఎంత చెప్పినా ఎడమ చెవి పైన నాలుగు వెంట్రుకలు వదిలేస్తారు. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడితే అవి నన్నే చూస్తుంటాయి. వదిలేసిన వాటికి ఆ గుణం ఉంటుంది. ఏళ్లుగా నేను వదిలేసిన సంగతి ఒకటుంది. అది వెంట్రుకంత తేలిక కాదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

మా అక్కా, రేణుకా కలిసి ఉంటారు. కింద లేడీస్ టైలరింగ్ షాపు, పైన కాపురం. ఊరు వాళ్లను దోస్తులంటుంది. అంతకంటే ఎక్కువే తెలుసు కానీ, జాకెట్లు బాగా కుడతారు కనుక అక్కడితో ఆపుతుంది. వాళ్లకు బిడ్డ కావాలనిపించింది. ఇద్దరి బిడ్డ. హైదరాబాదులో ఒక డాక్టరమ్మ దారి చెప్పింది. రేణుక మోస్తుంది. వీర్యం ఎవరిదైనా కావాలి. బ్యాంకు నుంచి ముక్కూమొహం తెలియని మనిషిది తీసుకోవచ్చు. లేదా నాది. నాదైతే బిడ్డలో మా అక్క రక్తమూ ఉంటుంది. చట్టం అప్పటికింకా ఇంత గట్టిగా లేదు.

అక్క అడగగానే సరేనన్నాను. జీవితంలో చదవకుండా పాసయ్యే పరీక్ష ఇదొక్కటేనని జోకు కూడా వేశాను. ముందు నిజామాబాదు ల్యాబులో టెస్టు చేయించుకోవాలి. బస్సెక్కాను. దిగాను. బస్టాండులో చాయ్ తాగాను. తిరిగొచ్చాను.

ఎందుకు? అప్పుడు నాకు కోటగిరి సంబంధం చూస్తున్నారు, అందుకేనని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది కాదు. ముక్కు. మా ఇంటి ముక్కు రోడ్డుకు అవతల నుంచి కూడా గుర్తుపట్టొచ్చు. ఆ ముక్కుతో ఒక బిడ్డ టైలరింగ్ షాపు మెట్ల మీద కూర్చుంటే, ఊరు ఇన్నాళ్లు ఆపిన మాటను బయటికి తీస్తుందని, ఆ మాటలో నా పేరు కూడా ఉంటుందని భయం. వాళ్లిద్దరూ రోజూ మోస్తున్న బరువును నేను ఒక్కసారి వేలితో తాకలేకపోయాను. చదువుకున్నవాణ్ని కదా, భయమని చెప్పడానికి సిగ్గేసింది. అబద్ధానికి సిగ్గేయలేదు.

"రిపోర్టు మంచిగ రాలే అక్కా."

అక్క మిషన్ ఆపింది. "ఏమన్నరు?"

"కౌంటు తక్కువున్నదట."

"గంతేనా? తక్కువున్నదన్నరు, లేదనలే గదా. ఫికర్ జేయకు, నేనున్న."

అబద్ధంలోనూ పొరపాటు చేశాను. లేదనాల్సింది. తక్కువైనదాన్ని ఎక్కువ చేయడం మా ఇంటి ఆడవాళ్లకు తెలిసిన విద్య. మినుములు, నెయ్యి, బెల్లం, ఖర్జూరాలు. లడ్డూలు మొదలయ్యాయి. ఇక బ్యాంకు దారి చూసుకోండని డాక్టరమ్మ అంటున్నా, మా తమ్మునికి నయమైతుంది, ఆగుదామంది అక్క. ఆగారు. రేణుక వయసు ఆగలేదు. నేను తింటూ పోయాను. డబ్బా ఖాళీ అయితే కడిగి మరీ పంపాను. ఒక్కటైనా గొంతుకు అడ్డం పడిందా అంటే, లేదు. నెయ్యి ధారాళంగా వేసేది.

తర్వాత నా పెళ్లయింది. ఏడాది తిరిగేసరికి కొడుకు. అక్క వచ్చి, నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "సూసినవా, పనిజేసినయి," అంది. కళ్లు తుడుచుకుని మళ్లీ అడిగింది. ఈసారి నిజంగానే ఒప్పుకున్నాను. ఈలోగా కొత్త చట్టం వచ్చింది. రేణుక ఒంటరి మనిషిగా వెళ్లొచ్చు, బ్యాంకు ఇచ్చింది తీసుకోవచ్చు. తెలిసినవాళ్లది కుదరదు. ఇద్దరు ఆడవాళ్లను తల్లులుగా రాసుకునే చోటు ఏ కాగితంలోనూ లేదు. బిడ్డ మీద అక్కకు దక్కగలిగింది ఆ రక్తపు చుక్క ఒక్కటే. దాన్ని నేను బస్టాండులో చాయ్‌తో పాటు తాగేశాను.

రేణుక చాలా కష్టపడింది. చివరికి పాప పుట్టింది. పాపను చూస్తే అక్క మొహం వెలిగిపోతుంది. షాపుకొచ్చే పిల్లల్లేని వాళ్లకు ఇప్పటికీ ఆ లడ్డూలు ఎలా చేయాలో చెబుతుంది. మా తమ్ముణ్ణి చూడుండ్రి అంటుంది. నేను నవ్వుతూ నిలబడతాను. ఇంకేం చేయాలి?

మొన్న పాపకు పుట్టువెంట్రుకలు తీశారు. మొదటి కత్తెర మేనమామ వేయాలి. వర్ని నుంచి రేణుక అన్నలు రాలేదు. "మామవు నువ్వే గదరా, కూసో," అని అక్క పాపను నా ఒళ్లో పెట్టింది. పాప నా చెవి పైన మిగిలిన నాలుగు వెంట్రుకలు పట్టుకుని గుంజింది. అప్పుడే చెప్పేద్దామనిపించింది. నోరు తెరిచాను. అక్క అందులో లడ్డూ పెట్టింది.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. లడ్డూలు బాగున్నాయి అక్కా. రోగమే లేదు. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. ఈ రెండు ముక్కలు రాశాక మాత్రం కొంచెం ఊపిరాడుతోంది.

ఆ రోజు గుండుకు గంధం పూశాక, మా నాయనమ్మ, మేం అవ్వ అంటాం, పాపను చేతుల్లోకి తీసుకుంది. వెలుతురులోకి తిప్పి తిప్పి చూసింది. అవ్వకు ఏదీ దాచి మాట్లాడటం రాదు.

"అంత మంచిగనే ఉన్నది గని," అంది అక్కతో, "మనింటి ముక్కొక్కటి రాలే."