ఆరు డబ్బాల మీద ఆరు పేర్లు

2023 వానాకాలం. గాజువాకలో మా ల్యాబ్ మేడ మీద ఉంటుంది, కింద టిఫిన్ సెంటర్. ఇవాళ కింద లోపలికి వెళ్ళింది రేపు పైకి వస్తుందని మాలో మాకో మాట. నేనక్కడ టెక్నీషియన్ని. రక్తం తీసేవాణ్ణి చూస్తే జనానికి భయం, మలం పరీక్ష చేసేవాణ్ణి చూస్తే జాలి. రెండూ నేనే. పెళ్ళిచూపుల్లో మాత్రం "మైక్రోస్కోప్ మీద పని" అంటాను. అబద్ధం కాదు కదా.

కడుపులో పురుగుల కోసం చేసేదాన్ని స్టూల్ ఎగ్జామినేషన్ అంటారు. చిటికెడు మలం తీసి గాజు పలక మీద సెలైన్ చుక్కలో కొంత, అయోడిన్ చుక్కలో కొంత కలిపి చూస్తాం. గుడ్లు కనపడొచ్చు, సిస్టులు కనపడొచ్చు. సిస్ట్ అంటే పరాన్నజీవి చుట్టూ పెంకు కట్టుకుని ఇంకొకరి కడుపు కోసం ఎదురుచూసే దశ. అది ఉన్నవాళ్ళు చేతులు సరిగా కడుక్కోకపోతే తిండిలోకి ఎక్కుతుంది. అందుకే క్యాంటీన్లలో వంట చేసేవాళ్ళకి ఏటా ఈ పరీక్ష పెడతారు.

ఆ వారం ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్ సూపర్‌వైజర్ క్యారీ బ్యాగులో ఆరు డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆరుగురు వంటవాళ్ళు, ఆరు పేర్లు, అన్నీ అతని చేతిరాతే. నిజానికి డబ్బా మేమే మనిషి చేతికివ్వాలి, పేరు వాళ్ళ ముందే రాయాలి. కానీ కంపెనీ శాంపిళ్ళు కట్టగా వస్తే కట్టగానే తీసుకోవడం మా అలవాటు.

ఆరు డబ్బాల్లోనూ ఒకటే రంగు, ఒకటే చిక్కదనం, అవే టమాటా గింజలు. ఆరింటిలోనూ గియార్డియా అనే పరాన్నజీవి సిస్టులు. అనుమానం రావాలి. నాకు జోకు వచ్చింది. "మేడమ్, ఒకే క్యాంటీన్, ఒకే సాంబారు. పురుగులు కూడా యూనియన్ పెట్టుకున్నట్టున్నాయి" అన్నాను. ల్యాబ్ నడిపే పాథాలజిస్ట్ మేడమ్ నవ్వి సంతకం పెట్టేశారు. ఆ జోకు నాకు ఇప్పటికీ అరగలేదు.

నాలుగో రోజు ఒకావిడ వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి, తడిసిన గొడుగు, చేతిలో మా రిపోర్టు. పేరు రమణమ్మ, సబ్బవరం నుంచి వచ్చింది.

"బాబూ, నా కడుపులో పురుగులున్నాయని సూసింది నువ్వేనా?"

"నేనేనండీ."

"ఏటి సూసినావు? నానియ్యందే?"

నేను డబ్బా మీద పేరుందని చెప్పబోయాను.

"పేరు నాదే. మా సూపరైజరు వచ్చి పేర్లు రాసుకున్నాడు, ఎల్లిపోనాడు. మా కాడికి డబ్బాయే రానేదు. ఇప్పుడు ఆరుగుర్నీ పన్లోకి రావద్దన్నాడు, కొత్తోళ్ళని ఎట్టేసినాడు. పన్నెండేళ్ళు వండినాను బాబూ అక్కడ. అది పోనీ. ఇంటికాడ మా కోడలు అన్నం గిన్ని ముట్టుకోనివ్వట్నేదు. మనవడికి ముద్ద ఎట్టబోతే సెయ్యి పక్కకి తోసేసింది."

నాలుక చివరికి ఏదో హాస్యం వచ్చింది. మింగేశాను. ఆవిడ ముందే పేరు రాసి డబ్బా చేతికిచ్చాను.

మరునాడు పొద్దున్నే బస్సు దిగి వచ్చి, కాగితంలో చుట్టిన డబ్బా బల్ల మీద పెట్టింది. "ఇది నాది. ఇప్పుడు సూడు."

ఏమీ లేదు. అయితే గియార్డియా రోజూ బయటపడదు, ఒక్కసారి కనపడనంత మాత్రాన లేదని రాయలేం. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చూడాలి. మిగతా అయిదుగురినీ కూడా రమణమ్మే వెంటబెట్టుకుని తెచ్చింది. అందరివీ మూడేసి సార్లు చూశాను, ఎవరికీ గియార్డియా లేదు. ఒకావిడకి మాత్రం ఏలికపాముల గుడ్లు కనపడ్డాయి. కనీసం అవి ఆవిడ సొంతవి.

మేడమ్ సూపర్‌వైజర్‌ని పిలిపించారు. వచ్చి కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"ఆడోళ్ళు కద మేడమ్. డబ్బా సేతికిత్తే సిగ్గు పడతారు, రేపు మాపు అంటారు. అందుకే నానే సర్దేసినాను."

"ఎవరిది సర్దారు?"

"నాదే. బయటోళ్ళది ఎట్టా నమ్ముతాం? నాకు జొరం కూడా రాదు. తాగేది సీసా నీళ్ళు."

రక్తదానం చేసినవాడికి కూడా అంత గర్వం ఉండదు. ఆరుగురు ఆడవాళ్ళకి తలా కాస్త పంచి, మేలు చేశానని నిజంగానే అనుకుంటున్నాడు.

"అయితే సార్, మీ కడుపులో పురుగులకి ఆరుగురు ఇంటికి పోయారన్నమాట" అన్నాను.

ఒక నిమిషం అతనికి ఎక్కలేదు. ఎక్కాక కాలు దించాడు. నాకేసి తిరిగి గొంతు తగ్గించాడు. "ఈ మాట కంపెనీ దాకా పోనివ్వకు తమ్ముడూ. పరువు పోద్ది."

ఆ ఆరుగురి పరువు సంగతి అతనికి గుర్తే రాలేదు. నాకు మండింది. అంతకన్నా మండిన సంగతి, ఆ ఆరు రిపోర్టులూ టైపు చేసింది ఈ వేళ్ళే.

మేడమ్ కంపెనీకి ఉత్తరం రాశారు: ఆ ఆరు రిపోర్టులూ రద్దు, ఆ శాంపిళ్ళు ఆ మనుషులవి కావు, మనిషిని చూడకుండా తీసుకోవడం మా ల్యాబ్ తప్పు. చివరి వాక్యం అవసరమా అని నసిగాను. "జోకు నీది, సంతకం నాది. ఉండాలి" అన్నారు.

ఆరుగురినీ మళ్ళీ పనిలోకి పిలిచారు. సూపర్‌వైజర్ మాత్రలు మింగి అదే కుర్చీలో ఉన్నాడు. అతని ఇంట్లో ఎవరూ అన్నం గిన్నె పక్కకి జరపలేదనే అనుకుంటాను.

కొత్త రిపోర్టు కోసం రమణమ్మ వచ్చినప్పుడు ఒక మాట అంది. "మేం గరిటితో వండుతాం బాబూ. రోజూ ప్రతి గిన్నిలోదీ అరసేతిలో ఏసుకుని నాకి, ఆ సేత్తోనే అప్పడాలు తీసేది మా సూపరైజరు. ఆయన్నెప్పుడూ పరీచ్చకి పంపరేటి?"

ఆ పేరు ఏ జాబితాలోనూ లేదు. వండేవాళ్ళకే పరీక్ష, పెత్తనం చేసేవాళ్ళకి లేదు. ఆ మాట చెబుతూ కంపెనీకి ఇంకో ఉత్తరం రాయమని మేడమ్‌ని అడిగాను. రాశారు.

అప్పటి నుంచి క్యారీ బ్యాగులో వచ్చిన శాంపిల్ని బ్యాగుతో సహా వెనక్కి పంపేస్తున్నాను. మనిషి ఎదురుగా నిలబడి పేరు చెబితేనే డబ్బా. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ. పురుగు పేరు తప్పు రాస్తే మందు మారుతుంది, మనిషి పేరు తప్పు రాస్తే ఏం మారుతుందో నేను చూశాను.

ఆ రోజు రమణమ్మ కొత్త రిపోర్టు అటూ ఇటూ తిప్పి నాకే తిరిగిచ్చింది. "మా కోడలికి ఇంగ్లీషు రాదు. తెలుగులో రాయి, ముద్దర కూడా కొట్టు."

కింద ఖాళీలో రాశాను: రమణమ్మ గారి పరీక్షలో పురుగులు ఏమీ కనపడలేదు.

"ముందుది కూడా రాయి" అంది.

రాశాను: ముందు ఇచ్చిన రిపోర్టు ఈమెది కాదు. ల్యాబ్ పొరపాటు.

కూడబలుక్కుని చదువుకుంది. ముద్ర తడి ఆరేదాకా ఊది, మడత పెట్టకుండా పట్టుకుని మెట్లు దిగింది.