ఎటు తోస్తే అటు తిరిగే ఫ్యాను

"కరెంటు పోతే భయపడాలి గానీ, వస్తే భయపడతావేంటమ్మా?" అని కోళ్లఫారం ఆసామి ఒకసారి మొహమ్మీదే అడిగాడు. గుడ్లక్క నవ్వి మాట మార్చింది. నిజం చెబితే తమ్ముడి పరువు పోతుందని ఆవిడ లెక్క.

వీధి మొత్తానికీ ఆవిడ గుడ్లక్కే. ఆసామి దగ్గర గుడ్లు అరువు తెచ్చి, వెనక గదిలోని కరెంటు పెట్టెలో పొదిగించి, కోడిపిల్లల్ని అమ్మి బాకీ తీర్చేది. పెట్టె పైభాగంలోని హీటరు వేడిని మూడు గుడ్ల ట్రేలకూ సమంగా పంచేది ఒక చిన్న ఫ్యాను. దాని కండెన్సర్, అదే, పుస్తకాల్లో కెపాసిటర్ అని రాస్తారే, అది పోతే ఎలక్ట్రీషియన్ తమ్ముడు ఏదో పాత ఫ్యానులోంచి పీకింది బిగించి వెళ్లాడు. నెల తిరక్కుండా అదీ ఉబ్బింది. మోటారును మొదట కదిలించేది కండెన్సరే. అది చచ్చాక ఫ్యాను మూలుగుతుందే తప్ప కదలదు. పుల్లతో రెక్కను తోస్తే మాత్రం అందుకుంటుంది.

కొత్త కండెన్సర్ డజను గుడ్ల ఖరీదు కూడా చేయదు. కానీ అడిగితే తమ్ముడు చిన్నబుచ్చుకుంటాడేమోనని మొహమాటం. ఆత్మీయత అని మనం మురిసిపోయే దాంట్లో సగం ఈ సరుకే. కరెంటు వచ్చిన ప్రతిసారీ పొయ్యి మీదిది వదిలేసి, పుల్ల పట్టుకుని పరిగెత్తేది. నిద్రలోనూ ఒక చెవి ఆ మూలుగు మీదే.

పిల్లలు బయటపడే వారంలో పన్ను సలుపు ఓర్చుకోలేక, పుల్ల మొగుడికి అప్పగించి డాక్టరు దగ్గరికి వెళ్లింది. పొద్దున్నే అక్కడ లైటు ఆరి, మళ్లీ వెలిగింది. వెంటనే ఇంటికి ఫోను చేసింది.

"తోశాను, తిరుగుతోంది. నువ్వు ముందు పన్ను సంగతి చూసుకో," అన్నాడు మొగుడు.

సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే నిజంగానే తిరుగుతోంది, ఎదురు దిక్కున. కండెన్సర్ చచ్చిన మోటారుకు తనదంటూ ఒక దిక్కుండదు, ఎటు తోస్తే అటే. గాలి తిరగబడి, హీటరు పక్కనున్న పై ట్రే మాడింది, కింది ట్రే చల్లబడింది.

కబురందుకుని తమ్ముడు వచ్చి ఉబ్బిన కండెన్సర్ డబ్బాను చేతిలో తిప్పి చూశాడు.

"ఒక్క మాట చెబితే పోయేది కదక్కా."

"చెబితే అలుగుతావనిరా."

"నేనా? దీన్ని బిగించిన సంగతే నాకు గుర్తులేదు."

కొత్తది బిగించాక ఫ్యాను ఎవరూ తోయకుండానే తిరిగింది. మధ్య ట్రే ఒక్కటే పిల్లలైంది. రెండు ట్రేల గుడ్ల డబ్బు ఆసామికి ఇంకా ఇవ్వాలి.