మాడిన ఆకు, మానేసిన బీడీ

కోలారు దగ్గర నరసాపురంలో మా ఆఫీసు తలుపు తియ్యగానే ముందు తగిలేది తడిసిన కొబ్బరిపీచు వాసన, దాని వెనకే వేడెక్కిన ప్లాస్టిక్కు వాసన. ఎండ అద్దాల బయటే ఆగిపోయే ఆ హాలులో, పైనుంచి వేలాడే ఊదారంగు లైట్ల కింద వరసగా కుండీలు. మొన్న వాటిలో ఒక మొక్కకు ఆకులు మాడినాయి. మా దగ్గర మనుషులు మాడితే ఎవరూ కుర్చీ కదలరు గానీ, మొక్క మాడితే బెంగుళూరు నుంచి నిపుణుడు వస్తాడు. వచ్చినాడు. మర్యాదస్తుడు. లైటు కింద అరచెయ్యి పెట్టి వేడి చూసినాడు, ఆకు తిరగేసి భూతద్దంతో పురుగులకోసం వెదికినాడు, మాడింది కొసలా అంచులా, లేతాకా ముదురాకా అని ఒక్కొక్కటే పట్టి చూసినాడు. కొసలు మాత్రమే మాడితే నీళ్ళలో ఉప్పు కావచ్చునట, అడుగాకులు పసుపెక్కితే ఎరువు చాలకపోవడం కావచ్చునట, లైటుకు దగ్గరున్న పైఆకులు మాత్రమే తెల్లబడి మాడితే వెలుగు ఎక్కువైనట్టట. ఇదంతా మొదలుపెట్టక ముందు ఆయన అడిగిన మొట్టమొదటి ప్రశ్న, "ఈ మొక్క ఇన్నాళ్ళూ ఎక్కడుండేది సార్?"

నాకు ఒళ్ళు మండింది. ఆయన తప్పేమీ లేదు. చాలా మంచి ప్రశ్న. మా నాయనను ఎవరూ అడగని ప్రశ్న.

నేను పెరిగింది కేజీఎఫ్ గని కార్మికుల లైన్లలో. లైన్లంటే ఒకదానికొకటి అతికించిన రేకుల ఇళ్ళు. మొదటింట్లో తిరగమాత పెడితే నాలుగో ఇంట్లో తుమ్మేంత దగ్గరితనం. మా తాత కాలంలో బంగారం తవ్వడానికి వచ్చిన కుటుంబం మాది. తవ్వినాము. బంగారం ఎప్పుడూ ఇంటికి రాలేదు, దుమ్ము మాత్రం క్రమం తప్పకుండా వచ్చేది. బంగారం తీసేయగా మిగిలిన రాతిపిండిని గుట్టలుగా పోసిన సైనైడు దిబ్బలు మా ఇళ్ళ వెనకే ఉండేవి. ఎండాకాలం గాలి లేస్తే ఆ పిండి ఆరేసిన బట్టలమీదా, ఆరబెట్టిన వడియాలమీదా, మూత పెట్టిన బిందెలోనూ చేరి, సంగటి ముద్ద మింగేటప్పుడు పళ్ళ కింద కరకరలాడేది. పిల్లలకు అదే ఆటస్థలం. తగరపు రేకుమీద కూర్చుని దిబ్బ కొననుంచి జారి, తెల్లటి దయ్యాల్లాగా ఇంటికొచ్చి, వీపుమీద రెండు తిని, తరవాత అన్నం తినేవాళ్ళం. చలికాలంలో దెబ్బల బాధ తొందరగా పోయేది, ఎందుకంటే అప్పుడు అనపకాయల కాలం. లైనంతా వాకిళ్ళలో కూర్చుని నానిన గింజలు పితుకుతుంటే ఆ గింజల ఘాటైన సొగడు వాసన చేతులకూ చీరలకూ గోడలకూ పట్టుకుని, పితికిపప్పు పులుసు ఉడికేలోగా కడుపు సగం నిండిపోయేది.

అమ్మ గౌనిపల్లి నుంచి ఒక తమలపాకు తీగ తెచ్చుకుంది. బయట పెడితే దుమ్ముకు బతకదని ఇంట్లోనే, పొయ్యికి దూరంగా ఒక మూల, నూనె డబ్బాలో నాటింది. మా ఇంటికి కిటికీ లేదు కనుక దాని సూర్యుడు నాయన దూలానికి వైరు చుట్టి కట్టిన బల్బు. ఉగాదినాడు ఓళిగలు తిన్నాక అవ్వ నములుకునే ఆకు ఆ తీగదే.

నాయన గనిలో రాతికి డ్రిల్లు పెట్టే పని చేసేవాడు. బతుకులో సగం టోపీ దీపం వెలుతురులో గడిపిన మనిషికి వెలుతురంటే దేవుడికన్నా కొంచెం ఎక్కువ గౌరవం. తీగ వాడితే బల్బు కిందికి దించేవాడు. ఆకు తెల్లబడితే వెలుతురు చాలలేదని ఇంకాస్త దించేవాడు. ఇది నాయన ఒక్కడి పొరపాటు కాదు. చూడవచ్చిన గనివాళ్ళంతా "ఇంకొంచెం దించన్నా" అనే చెప్పి, కాఫీ తాగి పోయేవాళ్ళు.

"ఆకు మాడిపోతా ఉండాది, ఇట్ల చూడు. బల్బు పైకి కట్టు" అనేది అమ్మ.

"వెలుతురు ఎక్కువై చచ్చినోణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు."

"నువ్వు చూసిందంతా చీకటే. ఇంగ యాడ చూస్తావు!"

అప్పటికే నాయనకు దగ్గు. నీళ్ళ బిందె ఎత్తితే నిలబడి ఊపిరి వెదుక్కునేవాడు. దుమ్ము వల్లే వచ్చిందని గని ఆసుపత్రి డాక్టరు ఒక్క మాట చెబితే గని లోపల కాకుండా పైన పని ఇస్తారు. ఆ ఒక్క మాటకోసం నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయినాడు, నేనూ వెంటపోయినాను. డాక్టరు తల ఎత్తలేదు.

"బీడీ మానెయ్యప్పా."

"నేను తాగను సార్."

"అందరూ అట్లే అంటారు."

అంతే. వీపుమీద గొట్టం కూడా పెట్టలేదు. లైన్లో దగ్గే ప్రతివాడికీ ఆయన చెప్పే జబ్బు ఇదే, బీడీ. ఆడవాళ్ళకేం చెప్పేవాడో నాకు తెలియదు. పక్కింటి మునెప్ప వాకిట్లో నిలబడి, "ఏమన్నా, ఇన్నేండ్లు మాకు ఒక్కటీ ఇయ్యకుండా యాడ దాచినావు?" అని నవ్వినాడు. అమ్మ నవ్వలేదు. ఉతకడానికి తీసిన చొక్కాను ముక్కు దగ్గర పెట్టుకుంది. నాయన చూసినాడు. ఆ డాక్టరును నేను క్షమించకపోవడానికి ఉన్న కారణాల్లో ఇది చిన్నది కాదు.

నాయన మొండివాడు కాదు, ఉపాయం తెలిసినవాడు. లేని బీడీ మానడం కష్టం గనుక ముందు ఒక కట్ట కొన్నాడు. మళ్ళీ ఇస్త్రీ చొక్కా, మళ్ళీ నేను. కట్ట విప్పకుండానే బల్లమీద పెట్టి, చేతులు కట్టుకుని, "మానేసినాను సార్. ఇంగ పైన పనికి చెప్పండి" అన్నాడు.

డాక్టరు మొదటిసారి తల ఎత్తినాడు. మొహంలో ఎంత సంతోషమో. "చూసినావా? ఆ రోజు నేను చెబితే కాదన్నావు!"

అట్లా నాయన దగ్గు బీడీ దగ్గని నాయన చేతే రుజువైపోయింది. పైన పని రాలేదు. మరుసటి రోజు మళ్ళీ కిందికే దిగినాడు. బీడీ కట్టను డాక్టరు తిరిగి ఇయ్యనుకూడా లేదు.

ఆ వారమే నాయన షిఫ్టుకు పోయినప్పుడు అమ్మ ముక్కాలిపీట ఎక్కి, బల్బును దూలం దాకా లాగి కట్టేసింది. కొన్నాళ్ళకు తీగ మామూలు ఆకులు వేసింది, పచ్చగా, వెడల్పుగా. నాయన వచ్చి వాటిని వేలితో తాకి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మాట్లాడటానికీ ఊపిరి పీల్చడానికీ ఒకేసారి కుదరని దశ అప్పటికి వచ్చేసింది. గని మూతబడే దాకా కూడా ఉండలేదు మనిషి.

ఆఫీసు మొక్కను అదే రోజు లైటుకు దూరంగా జరిపినారు. చోటు మారిస్తే కోలుకుంటుందని నిపుణుడు హామీ ఇచ్చినాడు, అందరూ తల ఊపినారు, నేనూ ఊపినాను. ఆదివారం లైన్లకు పోయినాను. చాలా ఇళ్ళకు రేకులు లేవు. అనపగింజలు పితికే అరుగులు ముళ్ళచెట్లలో కలిసిపోయినాయి. తెల్లవారితే ఒక ఇంట్లో మొదలై లైను చివరిదాకా ఇంటింటా అందుకుంటూ పోయే దగ్గు లేదు. గని మూతబడింది, దగ్గేవాళ్ళంతా పోయినారు. మలుపులో పాత అంగడి మాత్రం ఉంది, అంగడాయన బీడీ కట్టలు ముందువరసలోనే పేర్చినాడు. గిరాకీ ఎట్లా ఉందని అడిగితే, ఎప్పటిలాగే బాగుందన్నాడు.