గోడ మీది చెయ్యి

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని పెంచి పోషించాను. అదీ నన్ను బాగానే పోషించింది. ఇక మోయలేక మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ధైర్యం వచ్చిందేమో. దీన్ని ధైర్యం అనవచ్చా? పిరికితనానికి మంచి చొక్కా తొడిగి తిప్పడం నాకు అలవాటైపోయింది, ఇక్కడ కూడా అదే చేస్తున్నానేమో చూసుకోవాలి.

నేను ఎముకల డాక్టర్ని. బాన్సువాడలో చిన్న దవాఖాన ఉంది నాకు. బీర్కూర్ నుంచి, నస్రుల్లాబాద్ నుంచి వస్తారు. డోంగ్లి వైపు నుంచి మరాఠీ మాట్లాడేవాళ్లూ వస్తారు. మంచి డాక్టరని పేరుంది. కసరడు, ఊరికే కోయడు, నొప్పి అంటే వెంటనే లేచి వస్తాడు అంటారు. అన్నీ నిజాలే. కానీ నొప్పి అంటే వెంటనే లేచి రావడం నాకు ఎప్పుడు అలవాటైందో ఎవరూ అడగలేదు.

చదువుకునేటప్పుడు మా ప్రొఫెసర్ ఒకాయన ఉండేవాడు. నోరు తెరిస్తే తిట్టే. ఆయన మాకు రెండే రెండు సంగతులు నూరిపోశాడు. ఎముక విరిగిన కొత్తలో చెయ్యి వాస్తుంది కాబట్టి చుట్టూ పిండికట్టుతో, అంటే ప్లాస్టరుతో, మూసేయొద్దు, ఒక పక్కనే సగం కట్టు వేసి వాపు తగ్గాక పూర్తి చేయాలి. రెండోది, కట్టు వేశాక రోగి నొప్పి అంటే విప్పి చూడాలి. ఎక్కువ చేస్తున్నాడని అనిపిస్తే ఇంకా తొందరగా విప్పాలి. పరీక్షలో ఈ రెండూ చెప్పి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. తెలియక చేశానని అనడానికి లేదు.

పదకొండేళ్ల కింద ఒక పొద్దున సునీత వచ్చింది. ఇది అసలు పేరు కాదు. నస్రుల్లాబాద్ వైపు తండా పిల్ల, ఇరవై ఏళ్లుంటాయి. నాట్లు వేసి వస్తూ ట్రాక్టర్ డబ్బాలోంచి పడింది. కుడి ముంజేతిలో రెండు ఎముకలూ విరిగాయి. ముందురోజు సాయంత్రమే ఆ పక్క ఊళ్లో కట్ల తాత దగ్గరికి తీసుకుపోయారు. అందరూ ఆయన్ని అలాగే పిలిచేవారు. కోడిగుడ్డు సొన, మినప్పిండి కలిపి పట్టించి, వెదురు బద్దలు పెట్టి గుడ్డతో కట్టేవాడు. ఒక కొబ్బరికాయ తప్ప ఏమీ పుచ్చుకునేవాడు కాదు. తెల్లారి సునీత అన్న మనసొప్పక చెల్లెల్ని నా దగ్గరికి తెచ్చాడు.

ఆ కట్టు చూడగానే నాకు మండింది. అప్పుడు నాకు నాటు కట్లంటే అంత కోపం. కత్తెరతో పరపరా కోసి అవతల పడేశాను. చెయ్యి వాచి ఉంది. వేళ్లు వెచ్చగా ఉన్నాయి, ఎర్రగా ఉన్నాయి. కదిలించమంటే అయిదూ కదిలించింది. నేను చూశాను. ఈ మాట మళ్లీ రాస్తాను: నేను చూశాను.

మత్తిచ్చి ఎముకలు సరిచేశాను. సగం కట్టే వేయాలి. సగం కట్టు వేస్తే మర్నాడు మళ్లీ చూడాలి. మర్నాడు నేను ఊళ్లో ఉండను. హైదరాబాద్‌లో రెండు రోజులు డాక్టర్ల సదస్సు. అందులో నేను మాట్లాడాలి. దేని మీదో చెబితే నవ్వుతారు: నాటు కట్లు చేసే చేటు మీద. మధ్యాహ్నానికల్లా బయల్దేరాలని చుట్టూ మూసి పూర్తి పిండికట్టు వేసేశాను. ఏమవుతుందిలే అనుకున్నాను. ఎంతమందికి ఏమీ కాలేదు!

మర్నాడు సదస్సులో నా పేరు పిలవబోతుండగా మా కంపౌండర్ ఫోన్ చేశాడు. "సార్, నిన్నటి పిల్ల వచ్చింది. శాన ఏడుస్తుంది. చేతి ఏళ్లు మొద్దుబారినయ్ అంటుంది. కట్టు చీల్చమంటరా?" నొప్పి ఉంటుంది, ఇంజెక్షన్ ఇవ్వు, చెయ్యి ఎత్తి పెట్టుకొమ్మను, నేనొచ్చి చూస్తా అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని వేదిక ఎక్కాను. బాగా మాట్లాడాను. చప్పట్లు కూడా కొట్టారు.

నేను తిరిగొచ్చి కట్టు విప్పేసరికి అంతా అయిపోయింది. లోపల ఒత్తిడికి నెత్తురు అందక ముంజేతి కండ చచ్చిపోయింది. కోసి ఒత్తిడి తీశాను. చెయ్యి మిగిలింది కానీ వేళ్లు మిగల్లేదు. ఉన్నాయి, ఉండి ఏం లాభం? నెలలు గడిచేకొద్దీ లోపలికి ముడుచుకుని బిగుసుకుపోయాయి. నారు పట్టుకునే చెయ్యి అది.

ఇట్లా ఎందుకైంది అని సునీత అన్న అడిగాడు. నేను రెండు క్షణాలు కూడా ఆలోచించలేదు. ముందు కట్టిన నాటు కట్టు బిగుసుకుపోయి నరాలు చచ్చాయి, మీరు ఆలస్యంగా తెచ్చారు అన్నాను. కేసు కాగితంలోనూ అదే రాశాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతికించడమే కదా నా వృత్తి, చక్కగా అతికింది. కంపౌండర్ పక్కనే నిలబడి నేల చూస్తున్నాడు. ఏడాది తిరక్కుండా దుబాయ్ పోయాడు. నాకు హాయిగా అనిపించింది.

వారానికి కట్ల తాత వచ్చాడు. కొట్లాటకు వచ్చాడనుకున్నాను. చెప్పులు బయట విడిచి, కుర్చీ చూపిస్తే కూర్చోకుండా నిలబడ్డాడు.

"సారూ, ఒక్క మాట అడుగుత. నా కట్టుతోనేనా గా పిల్ల చెయ్యి వోయింది?"

"అవును తాతా."

"నలభై ఏండ్ల సంది కడుతున్న. ఎన్నడు గిట్ల కాలే. నా చెయ్యి ఏడ తప్పిందో జర చెప్పు. మల్ల ఆ తప్పు చెయ్య."

ఆయన నేర్చుకోవడానికి వచ్చాడు. అర్థమవుతోందా మీకు? తప్పు తెలుసుకుని దిద్దుకోవడానికి పది మైళ్లు బస్సెక్కి వచ్చాడు ఆ ముసలాయన. అంత చదివిన నేను చేయని పని.

"బిగ్గర కట్టినవ్," అన్నాను.

"ఏలు దూరెటట్టే కట్టిన సారూ."

"ముసలోనివైనవ్ తాతా. చేతులకు అందాజ పోయింది. నీకు తెలుస్తలేదు."

ఆయన తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. "గట్లనా," అన్నాడు. "అయితే ఇగ బంద్ చేస్త." నాకు దండం పెట్టి పోయాడు.

సునీత చెయ్యి విషయంలో నాది తొందరపాటు, నిర్లక్ష్యం. తాత విషయంలో నాది ఏమిటి? దానికి పేరు ఇప్పటికీ దొరకడం లేదు. ఒక మనిషికి తన చేతుల మీద ఉన్న నమ్మకాన్ని విరిచాను, తెలిసి తెలిసి, ఎదురుగా కూర్చుని.

ఆయన మళ్లీ ఎవరికీ కట్టు కట్టలేదు. అంతటితో ఆగినా బాగుండేది. దెబ్బ తగిలి తన దగ్గరికి వచ్చినవాళ్లను నా దగ్గరికి పంపడం మొదలుపెట్టాడు. తాత పంపాడని వచ్చే ప్రతి రోగినీ నేను ఎంతో జాగ్రత్తగా చూసేవాణ్ణి. సగం కట్టే వేసేవాణ్ణి. ఫోన్ వస్తే తింటున్న చెయ్యి కడుక్కుని వెళ్లేవాణ్ణి. అలా మంచి డాక్టర్నయ్యాను. రెండేళ్ల కింద ఆయన చనిపోయాడు. ఆ కబురు విన్నప్పుడు నా గుండె తేలికపడింది. సిగ్గుచేటు, కానీ పడింది.

ఇంకొకటి ఉంది. దాచాలనిపిస్తోంది, అందుకే రాస్తున్నాను. చెయ్యి బిగుసుకుపోయాక సునీతను ఫోటో అడిగాను. "తీసుకో సారూ, ఏరేటోళ్లకైన బుద్ధొస్తది," అంది. ఆ ఫోటో సదస్సుల్లో చూపించాను. పెద్ద ఫ్లెక్సీ వేయించి, రోగులు కూర్చునే హాల్లో గోడకు కట్టించాను. వంకరపోయిన చెయ్యి, కింద ఎర్రటి అక్షరాలు: నాటు కట్టు కట్టించుకోకండి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకాన్ని కూడా కాదు నేను. కాయను నట్టింట్లో వేలాడదీసుకున్నాను.

మొన్న సునీత వచ్చింది. కూతురు బడి మెట్ల మీద జారి పడింది. ఎనిమిదేళ్ల పిల్ల. మణికట్టు దగ్గర ఎముక చిన్నగా విరిగింది. నేను గది తలుపు తీసేసరికి ఆ ఫ్లెక్సీ కింద కూర్చుని కూతురికి చూపిస్తోంది. "గిది నా చెయ్యే బిడ్డా. నీకు గట్ల కావద్దనే సీదా సారు కాడికి తెచ్చిన."

పిల్లకు సగం కట్టు వేశాను. వేళ్లు చూశాను, బాగున్నాయి. రేపు మళ్లీ తీసుకురమ్మన్నాను. సునీత ఎడమచేత్తో పిల్లను దించుకుని, సల్లగుండు సారూ అంది. ఆ మాటతో నాలో ఏదో తెగింది. నన్ను తిట్టి ఉంటే ఇంకో పదేళ్లు దాచేవాణ్ణేమో.

కూర్చోమన్నాను. చెప్పాను. నీ చెయ్యి పోయింది నా కట్టుతో. తాత కట్టు విప్పినప్పుడు నీ వేళ్లన్నీ మంచిగున్నాయి. నువ్వు ఏడుస్తూ వచ్చిన రోజు విప్పి చూడమని చెప్పాల్సింది, చెప్పలేదు. ఆయనకూ అబద్ధం చెప్పాను, మీకూ చెప్పాను.

సునీత తల దించుకుంది. నా వైపు కాదు, తన చేతి వైపు చూసుకుంటోంది. తిడుతుందని, ఏడుస్తుందని ఎదురుచూశాను. ఏదో ఒకటి చేస్తే బాగుండునని ఆశపడ్డాను కూడా.

"తాతను మా గడప తొక్కనియ్యలే సారూ," అంది చివరికి. "నా పెండ్లికి వస్తే ఎల్లగొట్టినం. సచ్చిపోతే సుత చూడవోలే."

తర్వాత లేచి పిల్ల చెయ్యి బల్ల మీద పెట్టింది.

"గీ కట్టు ఇప్పు."

ఇది సరిగ్గా వేశాను, సగం కట్టే, భయం లేదు అన్నాను. ఎవరిని నమ్మమంటున్నాను? నా మాట నాకే పుల్లగా తగిలింది. "ఇప్పు సారూ," అంది మళ్లీ. విప్పాను. పిల్ల ఏడ్చింది. అట్టముక్క ఆనించి, మెడకు గుడ్డ కట్టి చేతిని అందులో వేలాడదీస్తే దానికి మాత్రం ఒప్పుకుంది. నిజామాబాద్‌లో చూపించుకుంటానంది. అక్కడి డాక్టరుకు చీటీ రాసిస్తే తీసుకోలేదు. హాల్లో తన చేతి కిందుగానే నడిచి వెళ్లిపోయింది.

ఫ్లెక్సీ ఆ పూటే తీయించాను. తీయడానికి అయిదు నిమిషాలు పట్టలేదు. పదకొండేళ్లలో ఎప్పుడైనా తీయించి ఉండొచ్చు.

ఆమె క్షమించలేదు. నేను అడగనూ లేదు, ఏ మొహంతో అడుగుతాను? ఆ పిల్ల కట్టు నిజామాబాద్‌లో ఎవరు వేశారో, ఎలా వేశారో కూడా నాకు తెలియదు. ఎక్స్‌రే చూశాను కాబట్టి భయం లేదనుకుంటున్నాను, మళ్లీ అదే ఏమవుతుందిలే అనుకోవడం కాదు కదా అని నన్ను నేను అడుగుతున్నాను. తాతకు చెప్పే వీలు ఇక ఎన్నటికీ లేదు. పాత కేసు కాగితం బయటికి తీసి, నా రాత కింద అసలు సంగతి రాసి సంతకం పెట్టాను. దాంతో ఎవరు ఏం చేసినా నేను అడ్డుపడను.

ఒకటి మిగిలింది. ఆ మధ్యాహ్నం సునీత వెళ్లాక నాకు ఆకలేసింది. ఎన్నో ఏళ్లుగా మరిచిపోయిన ఆకలి. ఆమె ఏ బస్సులోనో ఏడుస్తున్న పిల్లను ఒళ్లో పెట్టుకుని పోతూ ఉంటుందని తెలిసి కూడా, కూర్చుని కడుపునిండా తిన్నాను.