పాడుచేయడమే మా వదిన పని

మా వదిన చేతికి కొత్త వస్తువు ఏది వచ్చినా, వాడటం సంగతి తర్వాత, ముందు దాన్ని ఎలా పాడుచేయాలా అని చూస్తుంది. కోపంతో కాదు, పరధ్యానంతో కాదు. ఎంతో శ్రద్ధగా, పక్కన కాగితం, కలం పెట్టుకుని మరీ పాడుచేస్తుంది. ఇంట్లో మిగిలిన ముగ్గురం, అంటే నాన్న, అన్నయ్య, నేను, ఎప్పుడు ఏది పేలుతుందో అన్న బెంగతో మూడేళ్లుగా కాలక్షేపం చేస్తున్నాం.

ఆవిడకు జీతమిచ్చేది కూడా అందుకే. వీడియోగేములు తయారుచేసే ఆఫీసులో టెస్టరు. గేము జనం చేతికి వెళ్లకముందే అందులోని లోపాలు పట్టుకోవాలి. అందరూ హీరోను రాక్షసుల మీదికి నడిపిస్తే వదిన గోడ మీదికి నడిపిస్తుంది. ఒకసారి నాలుగు గంటలపాటు ఒకే హీరోచేత ఒకే గోడను గుద్దించింది. ఆ సాయంత్రం ఆఫీసులో ఉన్న నాకు ఫోన్ వచ్చింది.

"పడిపోయాడు మరిదీ! మూడో అంతస్తు నుంచి పడిపోయాడు!"

ఫోన్ చెవిన పెట్టుకునే మేనేజరు గదివైపు పరుగెత్తాను. "ఎవరు వదినా? అన్నయ్యా?"

"మీ అన్నయ్యెందుకు పడతాడు? పడాలంటే ముందు సోఫాలోంచి లేవాలిగా. నా హీరో! గోడలో దూరి అటునుంచి అటే పడిపోయాడు. ఎంత ముచ్చటగా పడ్డాడనుకున్నావ్!"

నేను అప్పటికే మేనేజరుకు చెప్పేసి, బ్యాగు తగిలించుకుని లిఫ్టులో ఉన్నాను. వెనక్కి వెళ్లి ఏం చెప్పాలో తోచక ఆ పూటంతా కింద పార్కింగులో స్కూటరు మీద కూర్చున్నాను.

అన్నయ్యను కూడా ఆవిడ టెస్ట్ చేసే పెళ్లి చేసుకుంది. మొదటిసారి కలిసినప్పుడు ఒకే ప్రశ్నను మూడు రకాలుగా తిప్పి అడిగిందట. "జవాబు ఒకటే వస్తుందా అని చూశాను. మూడోసారి మారింది" అని వదినే చెప్పింది.

"మరి ఎలా ఒప్పుకున్నావ్?"

"తెలిసిన లోపమైతే సర్దుకోవచ్చు మరిదీ. తెలియనివాటితోనే భయం."

పక్కనే ఉన్న అన్నయ్య దీన్ని పొగడ్తగా తీసుకున్నాడు.

కొత్త వాషింగ్ మెషీన్ వచ్చిన రోజు వదిన దాని బొత్తాలన్నీ ఒకేసారి నొక్కింది. అది ఒక్క మూలుగు మూలిగి, తలుపు బిగించుకుని, ఆరు గంటలు తెరుచుకోలేదు. లోపల నా ప్యాంట్లు మూడూ ఉన్నాయి. నేను నాన్న ప్యాంటు వేసుకుని ఆఫీసుకు వెళ్లాను. నాన్న నాకన్నా జానెడు పొట్టి. వదిన మాత్రం పదకొండు లోపాలు రాసి కంపెనీకి పంపింది. వాళ్లు ఎంతో మర్యాదగా జవాబిచ్చారు: ఇంకెప్పుడూ అలా నొక్కవద్దని.

నాన్న నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసినవారు. అందుకే మామాకోడళ్లకు బాగా కుదిరింది. ఆవిడ విప్పినవన్నీ ఆయన కూర్చుని బిగించేవారు. ఈమధ్య మాత్రం "రేపు చూద్దాంలే అమ్మాయ్" అంటున్నారు. బల్ల మీద విప్పిన సామాను పేరుకుపోతోంది. పెద్దతనం కదా, ఓపిక తగ్గిందనుకున్నాం.

అప్పుడే వదిన తీరు ఇంకో మెట్టు ఎక్కింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో ఏదో పడిన చప్పుడైతే పరుగెత్తాను. వదిన కళ్లకు స్కార్ఫ్ గట్టిగా కట్టుకుని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, రెండో చేత్తో పొయ్యి తడుముతోంది. ఫోన్ ఎవరో తరుముతున్నట్టు గడగడా చదివేస్తోంది: "సందేశాలు, బొత్తం. వెనక్కి, బొత్తం."

"వదినా! ఏంటిది?"

"టెస్టింగు. నువ్వు కదలకు, నాకు లెక్క తప్పుతుంది" అంటూ రెండడుగులు వేసి ఫ్రిజ్‌కు నుదురు కొట్టుకుంది. వెంటనే స్కార్ఫ్ పైకి జరిపి కాగితం మీద రాసుకుంది: ఫ్రిజ్ తలుపు, ఒకటి.

అది మొదలు ఇంట్లో ఏదో ఒకటి జరుగుతూనే ఉంది. పొయ్యి బొత్తాల మీద చేతికి తగిలే చుక్కలు వెలిశాయి. కుర్చీలన్నీ గోడవారకు వెళ్లాయి. వదిన మోకాళ్ల మీద నీలపు మచ్చలు, చూపుడువేలి మీద కాలిన బొబ్బ. అడిగితే టెస్టింగు అంటుంది. వారం తిరిగేసరికి అన్నయ్య నన్ను బాల్కనీలోకి లాగి తలుపు వేశాడు. చేతిలో ఒక చీటీ ఉంది. కంటి ఆసుపత్రిది, గురువారం ఉదయం పదిన్నరకు; పేరు చోట మా ఇంటిపేరు ఒక్కటే ఉంది.

"దాని బ్యాగులో దొరికింది. ఇది మూడోసారట" అన్నాడు. "దానికి కళ్లు పోతున్నాయిరా. ముందే అలవాటు చేసుకుంటోంది. మనతో చెప్పలేక..."

గురువారం వరకు ఆ నాలుగు రోజులూ మేమిద్దరం ఆవిడ కాళ్లకు ఏదీ తగలకుండా ముందు నడుస్తూ అన్నీ సర్దుతూ తిరిగాం. "మీకేమైంది? ఇద్దరూ నా దారిలో అడ్డం పడుతున్నారు" అని కసిరింది.

గురువారం వెనకాలే వెళ్లాం. ఆసుపత్రి హాలులో వదిన వరుస చివర కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన, పొద్దునే నడకకని బయల్దేరిన నాన్న. నర్సు వచ్చి పిలిచింది నాన్ననే. ఆయన లేచి, వదిన భుజం పట్టుకుని, అడుగులు లెక్కపెట్టుకుంటున్నట్టు లోపలికి నడిచారు. అన్నయ్య అక్కడే ఉన్న స్తంభాన్ని పట్టుకుని నిలబడిపోయాడు.

బయటకొచ్చాక మమ్మల్ని చూసి వదిన అదిరిపడలేదు. నాన్నను కూర్చోబెట్టి మా దగ్గరికొచ్చింది.

"పోయిన చూపు తిరిగి రాదట. చుక్కల మందు వేస్తే మిగిలింది కొన్నాళ్లు నిలుస్తుంది. ఎన్నాళ్లో ఎవరూ చెప్పలేరు."

"నీకెప్పట్నుంచి తెలుసు?" అన్నాడు అన్నయ్య.

"ఆరు నెలలైంది. చేతికి గడియారం పెట్టుకుని నన్ను టైమెంతమ్మా అని అడిగారు. ఆయన అడగడమేంటి అనిపించింది."

"మాకెందుకు చెప్పలేదు వదినా?" అన్నాను.

"ఆయన వద్దన్నారు. అయినా చెబితే మీరిద్దరూ ఏడుస్తూ ఆయన్ని మంచం దిగనివ్వరు. ఆ ఫోను చూశావుగా, వట్టి అద్దం. తడిమితే ఏం తెలుస్తుంది? మాట్లాడే ఏర్పాటు ఉందంటారు గానీ సగం బొత్తాల పేర్లు చెప్పదు. కళ్లు మూసుకుని వాడి చూసినవాడు ఒక్కడైనా ఉంటేగా!" నాన్న కూర్చున్నవైపు ఓసారి చూసింది. "మామయ్యకు అవసరం పడేసరికి ఇంట్లో తగిలే దెబ్బలన్నీ నేను ముందే తినేసి ఉండాలి. అంతే."

అన్నయ్య ఆవిడ కాలిన వేలు చేతిలోకి తీసుకుని అలాగే నిలబడ్డాడు. "ఏమండీ, అందరూ చూస్తున్నారు" అంటే కూడా వదల్లేదు.

బెంగ పోయిందని చెప్పను. ప్రతి నెలా ఆసుపత్రికి వెళ్లే రోజు మా ముగ్గురికీ ముద్ద దిగదు. కానీ ఇల్లు మాత్రం నాన్నకు చేతివేళ్ల మీదికి వచ్చేసింది. వదిన తిట్లతో సహా పంపిన లోపాల చిట్టా అందుకున్న ఫోన్ కంపెనీ రెండు బొత్తాలకు పేర్లు పెట్టింది. వదిన నాలుగైదు చోట్ల వెతికి వెతికి, తెర చూడకుండా వట్టి చప్పుళ్లతోనే ఆడే గేమొకటి కూడా పట్టుకొచ్చింది. అడుగుల చప్పుడు ఎటునుంచి వస్తోందో విని దొంగను పట్టుకోవాలి; తెర మీద దొంగ కనిపిస్తాడు కాబట్టి అందరూ కళ్లు మూసుకోవాలని షరతు. నలభై ఏళ్లు గడియారాల గుండెచప్పుడు విన్న చెవి నాన్నది. మొదటి రోజే మా ముగ్గురినీ చిత్తు చేశారు. వదిన తొమ్మిదిసార్లు ఓడిపోయింది, పదోసారి గెలిచింది.

"అమ్మాయ్, కళ్లు తెరిచి తెర చూస్తున్నావు" అన్నారు నాన్న.

"అయ్యో, లేదు మామయ్యా! మీకెలా తెలిసింది?"

"నువ్వింత బాగా ఆడవుగా."