మేకపిల్లలు ఒప్పుకున్న దారి

మొన్న గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్తుంటే అడవిలో మా బస్సు ఆగిపోయింది. ముందు పోయిన లారీ ఏదో గుద్దేసిన జింక రోడ్డు మీద పడి ఉంటే, దిగినవాళ్ళంతా ఫోన్లు పట్టుకుని దాని చుట్టూ మూగారు. చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. కోపం వాళ్ళ మీదే కాదు, రాచర్ల దగ్గర బడిలో సైన్సు చెప్పిన రోజుల్లో నేను చేసిన ఒక పని గుర్తొచ్చి నా మీద కూడా.

అప్పట్లో తొమ్మిదో తరగతి పిల్లలను, అడవి జంతువులు బండ్ల కింద పడకుండా రోడ్డు దాటే దారికి నమూనాలు చేసి తెమ్మన్నాను, బాగున్నదాన్ని జిల్లా ప్రదర్శనకు పంపుతానన్నాను. ఏం తెచ్చారనుకున్నారు! ఒకడు చిరుతపులికి మెట్లు కట్టాడు, ఇంకొకడు వంతెన మొదట్లో స్వాగత తోరణం నిలబెట్టాడు, మరో జట్టు తిరునాళ్ళకు వేసినట్టు రంగు బల్బులు చుట్టింది. జింక బెదిరి పారిపోతుందర్రా అని నెత్తీ నోరూ కొట్టుకున్నా, అందంగా ఉండాలి కదా మేడం అనేవాళ్ళు.

మేకల కాపరి కూతురు ఒక్కతే వేరుగా ఆలోచించింది. రోడ్డు కింద నుంచి దారి పెడతానని, ముందు వాళ్ళ వాకిట్లో పలకరాళ్ళు పేర్చి మేకపిల్లలు పట్టేంత సొరంగం కట్టి, ఆకు చూపించి పిలిస్తే అవి మొండికేశాయట. "అవతల వెలుతురు కనపడకపోతే అవి అడుగు పెట్టవు మేడం, మా నాయన చెప్పినాడు" అంది. మూడుసార్లు విప్పి, వెడల్పు పెంచి, పొడవు తగ్గించి, నేల మీద మట్టి పోసి, మేకపిల్లలు వాటంతట అవే నడిచేదాకా వదలకుండా, ఆ తర్వాతే అదే తీరున చిన్నది చేసి తెచ్చింది. నెల రోజులు నేను గొంతు చించుకున్నది ఆ పిల్లకొక్కదానికే ఎక్కింది.

తీరా నేనేం చేశాను? ప్రదర్శనకు వచ్చే పెద్దల కంటికి మట్టీ రాళ్ళూ ఏం ఆనతాయని, రంగు బల్బుల వంతెననే పంపాను. ఆ పిల్ల రాళ్ళు సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. మరుసటి ఏడాది నమూనా అడిగితే, మార్కాపురం దుకాణంలో కొన్న థర్మోకోల్ వంతెన తెచ్చి నా బల్ల మీద పెట్టింది. మేకలు ఏమన్నాయే అని అడిగాను.

"వాటిని అడగలేదు మేడం, మీకు నచ్చితే చాలు కదా" అంది.

ఇప్పటి బడుల్లో మన రోజుల్లో లేని పరికరాలున్నాయి, పిల్లల నమూనాలు తళతళలాడుతున్నాయి. చేసింది ఎవరికోసమో వాళ్ళు ఒప్పుకున్నారా అని చూసుకునే పిల్లలే కనపడటం లేదు. నా చేతికి దొరికిన ఒక్కదాని చేత ఆ అలవాటు నేనే మాన్పించాను.