మూడుసార్లు అదిరితే రావాలి

ఫోనులో మాట్లాడితే డబ్బులు కరిగిపోయే కాలంలో నాకూ మా ఆయనకూ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఒక మిస్డ్ కాల్ కొడితే క్షేమంగా చేరినట్టు. రెండు కొడితే బండి తీసుకుని రోడ్డు మీదికి రావాలి. మూడు కొడితే చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి పరుగెత్తుకు రావాలి. ఇప్పుడు ఎంతసేపు మాట్లాడినా అడిగేవాళ్లు లేరు కానీ, ఆ అలవాటు మాత్రం మాకు పోలేదు. మా ఇంటికీ మామిడితోటకీ అర కిలోమీటరు దూరం. మా కాపురం చాలావరకు ఆ అర కిలోమీటరులో ఒకటి, రెండు, మూడు అంకెల మీదే నడిచింది. మాటలతో అయితే పోట్లాట వస్తుంది, అంకెలతో ఎప్పుడూ రాలేదు.

అలాంటిది, పోయిన ఏడాది చలి తగ్గే రోజుల్లో ఆయన నా అంకెలను పట్టించుకోవడం మానేశాడు. ఒకరోజు తిరుపతిలో సామాన్లు కొనుక్కుని వడమాలపేటలో బస్సు దిగాను. రెండు కొట్టాను. రాలేదు. మళ్లీ రెండు కొట్టాను. రెండు చేతుల్లో రెండు సంచులు, నెత్తిన ఎండ. చివరికి పాలబండి అతను జాలిపడి ఎక్కించుకున్నాడు. ఇంటికొచ్చి చూస్తే మా ఆయన తాపీగా మంచం నవారు బిగిస్తున్నాడు.

"ఏమయ్యా, ఎందుకు రాలా?" అన్నాను.

"ఫోను సైలెంట్లో ఉండె" అన్నాడు తల ఎత్తకుండా.

ఒకసారైతే సరే. అదే మాట నెలలో ఆరుసార్లు విన్నాను. ఒకరోజు వంటింట్లో జారిపడి, లేవలేక మూడు కొట్టాను. అప్పుడూ రాలేదు. చీలమండ బెణికింది అంతే, కానీ నాకు నొప్పి అక్కడ లేదు. మూడు కొట్టినా రాని మనిషితో ఇక ముందు ఎలా అన్న దిగులు పట్టుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి, ఈయనకి నేనంటే లెక్క లేకుండా పోయిందా అనుకున్నాను.

మా అమ్మాయి తిరుపతిలో ఒక ఆఫీసులో పనిచేస్తుంది, ఆదివారాలు వస్తుంది. నా గోడంతా విని తప్పు ఫోనుదని తీర్పు చెప్పింది. "నాయన ఫోను ముసలిదయిపోయిందిలేమ్మా. కొత్తది తెస్తా" అంది. దానికి ఏ కష్టానికైనా ఒక వస్తువు కొనడమే మందు. అలా మొదలయింది మా ఇంట్లో వస్తువుల పరీక్ష. నా లెక్కలో ఏ వస్తువైనా నీళ్లు, మట్టి, చెమట, మా ఆయన కోపం, ఈ నాలుగింటికీ తట్టుకుంటేనే పనికొచ్చినట్టు.

పాత బటన్ల ఫోనుకి ఈ నాలుగింట్లోనూ నూటికి నూరు. అది నీటి కాలువలో పడితే తీసి, విప్పి, బియ్యం డబ్బాలో రెండు రోజులు పెడితే మళ్లీ మోగింది. చార్జింగు నాలుగు రోజులు నిలుస్తుంది. దాని టార్చిలైటు వెలుతురులో మా ఆయన మోటారు ఫ్యూజు కూడా వేశాడు. దాన్ని మూలకు పెట్టేటప్పుడు నాకే మనసొప్పలేదు.

దాని బదులు వచ్చిన టచ్ ఫోను కలవారి కోడలు లాంటిది. చెయ్యి తడిగా ఉంటే పలకదు, మట్టిగా ఉంటే పలకదు. మా ఆయన బొటనవేలు పార పట్టి పట్టి కాయ కాసింది, ఆ వేలుని అది వేలుగానే గుర్తించదు. అయితే అబద్ధమెందుకు, మామిడి పూతకి తేనెమంచు పురుగు పట్టినప్పుడు ఫోటో తీసి పురుగుమందుల షాపుకి పంపితే, కూర్చున్నచోటే మందు పేరు వచ్చింది. అంతకుముందు దానికోసం పుత్తూరు దాకా కొమ్మ విరుచుకుని వెళ్లేవాడు. ఆ ఒక్క పనితో టచ్ ఫోను కొంత మర్యాద సంపాదించుకుంది. కానీ నా రెండుకీ మూడుకీ మాత్రం అదీ పలకలేదు.

తర్వాత మా అమ్మాయి గుండ్రటి స్పీకరు ఒకటి తెచ్చింది. ఫోను మోగితే అది తోటంతా వినబడేలా అరుస్తుందట. అరిచింది కూడా. ఆ అరుపుకి కాయలు కొడుతున్న చిలకలన్నీ లేచిపోయాయి. దాంతో మా ఆయన దాన్ని చిలకల కావలికి పెట్టుకుని, ఫోనుతో సహా తోట ఆ చివర కొమ్మకి కట్టేసి, తాను ఈ చివర నీళ్లు కట్టుకున్నాడు. నేను రెండు కొడితే చిలకలు లేచేవి, మా ఆయన లేచేవాడు కాదు.

చివరికి వచ్చింది చేతి గడియారం. గంట చూపిస్తుంది, అడుగులు లెక్కపెడుతుంది, గుండె కొట్టుకోవడం కూడా చెప్తుందట. వీటన్నిటికీ మా ఆయన ముఖం చిట్లించాడు. "నేనెన్ని అడుగులు వేస్తే దానికేం?" అన్నాడు. కానీ ఫోను మోగినప్పుడు అది చేతి మీద అదురుతుందని మా అమ్మాయి చెప్పగానే ఆయన చెయ్యి చాచి, "కట్టుమ్మా" అన్నాడు. అంత తొందరగా ఏ కొత్త వస్తువుకీ ఒప్పుకోని మనిషి ఒప్పుకున్నాడంటే ఎందుకో నాకప్పుడు తట్టలేదు. ఫోను పంచె లోపలి చారల నిక్కరు జేబులో, గడియారం చేతికి, అలా తోటకి పోయాడు.

మర్నాడు పొద్దున నేను దోసెల పిండి రుబ్బుతుంటే మా ఆయన రొప్పుతూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఏమైంది?" అన్నాడు. "ఏం కాలేదే" అన్నాను. నన్ను పైనుంచి కిందికి చూసి, చెంబెడు నీళ్లు తాగి వెళ్లిపోయాడు. ఆకలేసి వచ్చి మొహమాటపడ్డాడేమో అనుకున్నాను. రెండోరోజూ అదే సమయానికి అలాగే వచ్చాడు. ఈసారి చెప్పులు కూడా లేవు, కాళ్లనిండా బురద. "ఎవురికేమైంది?" అన్నాడు. అప్పుడే తుడిచిన నా గచ్చంతా పాడైంది. బాగా పెట్టాను చివాట్లు.

మూడోరోజు వచ్చినప్పుడు ఆయనకీ కోపం వచ్చింది. "మూడు కొట్టేది నువ్వే, ఏం లేదనేది నువ్వే. తమాషాగా ఉండాదా నీకు?"

"నేనెక్కడ కొట్టినా? నా ఫోను పొద్దున్నుంచి చార్జింగులో ఉండాది, సూడు."

మేమిలా వాదించుకుంటుంటే ఆయన చెయ్యి నా ముందుకు చాపాడు. "ఇదో, మళ్లా."

గడియారం జర్రుమని అదిరింది. ఒకటి. రెండు. మూడు. నేను ఆయన జేబులోంచి ఫోను తీసి చూశాను. మా పెద్దాడబిడ్డ మా బంధువుల గ్రూపులో రోజూ పెట్టే మూడు బొమ్మలు: ఒక వెంకన్న స్వామి, ఒక గులాబీల గుత్తి, ఒక మంచి మాట. వాటి కింద వాళ్లాయన ఇప్పుడే పెట్టిన ఇంకో మూడు. మా అమ్మాయి గడియారాన్ని, మెసేజీలతో సహా అన్నిటికీ అదిరేటట్టు పెట్టి వెళ్లింది. మా ఆయన తన అక్కల, బావల శుభోదయాలన్నీ లెక్కపెట్టుకుంటూ, ఒకటైతే ఎవరో క్షేమంగా చేరారని సంతోషపడుతూ, మూడైతే నీళ్లు కట్టడం ఆపి పరుగెత్తి వస్తున్నాడు.

నేను నవ్వు ఆపుకోలేక గోడకి చేరబడ్డాను. కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

"అయితే మూడు కొడితే వస్తావన్నమాట" అన్నాను.

"రాకుండా యాడికి పోతా?"

"మరి ఇన్నాళ్లూ?"

ఆయన గడియారం పట్టీ సర్దుకున్నాడు. "ఎదురుగా మాట్లాడితే తెలుస్తాది గానీ, నాకు రింగు ఇనపడదమ్మే. ఏడాదిగా. సైలెంట్లో ఉండింది ఫోను గాదు, నా చెవులు."

"నాకెందుకు చెప్పలా?"

"చెప్తే చెవిటోడంటావని."

అంటాను. నా నోటి సంగతి నాకు తెలుసు. అయినా ఆ మాట విన్నాక ఆయన మీద కోపం పోయి నా మీద నాకు వచ్చింది. ఏడాదిపాటు ఫోన్లను నీళ్లలో ముంచి, మట్టిలో దొర్లించి పరీక్షించాను గాని, ఎదురుగా ఉన్న మనిషి చెవి దగ్గర ఒక్కసారైనా చిటిక వేసి చూడలేదు. ఏడ్చాను. ఆయన కంగారుపడి, తువ్వాలు ఇచ్చాడు. అదీ బురదగానే ఉంది.

ఆ వారమే తిరుపతిలో చెవుల డాక్టరుకి చూపించాం. చెవిలో పెట్టుకునే మిషను ఇచ్చారు. తోటలో చెమటకి పాడవుతుందని సాయంత్రం ఇంటికొచ్చాక పెట్టుకుంటాడు, నేను తిట్టడం మొదలుపెట్టగానే తీసి డబ్బీలో వేస్తాడు. గడియారంలో నా నంబరు తప్ప మిగతావన్నీ మా అమ్మాయి ఆపేసింది. ఇప్పుడు రెండు కొడితే నేను బస్సు దిగేసరికి బండి రోడ్డు మీద ఉంటోంది. నా పరీక్షలో గడియారమే నెగ్గిందని ప్రకటించి, బటన్ల ఫోనుని నేను తీసుకున్నాను. వంటింట్లో నా చేతికి అదే సుఖం.

బేనీషా మామిడికాయలు పండే రోజుల్లో ఒక పొద్దున నేను మిద్దె మీద వడియాలు పెడుతున్నాను. నా ఫోను మోగి ఆగింది. మళ్లీ మోగి ఆగింది. మళ్లీ మోగింది. మూడు. ఇన్నేళ్లలో ఆయన నాకు మూడు కొట్టింది లేదు. పిండి గిన్నె అక్కడే వదిలేసి, చెప్పుల్లేకుండా, కొంగు బిగించి పరుగెత్తాను. పామో, మోటారు కరెంటో, చెట్టు మీంచి పడ్డాడో అని అర కిలోమీటరూ మొక్కని దేవుడు లేడు.

మా ఆయన చెట్టు కింద తట్ట బోర్లించుకుని కూర్చుని, గడియారం చూసుకుంటున్నాడు.

"ఆరు నిమిషాలు" అన్నాడు. "నేనైతే నాలుగులో వస్తా ఉంటిని."

నేను తిట్టినవి ఇక్కడ రాయను. మిషను పెట్టుకోలేదు కాబట్టి ఆయనకి సగమే అందాయి. అవి పూర్తయ్యేదాకా ఓపిగ్గా ఉండి, ఒడిలోంచి బేనీషా పండు తీసి నాలుగు ముక్కలు చేశాడు.

"చెట్టు మిందనే మాగింది. ఈ ఏడు ఇదే మొదటిది. చిలక ముట్టకుండా పొద్దున్నుంచి కావలి కాసినా."

"దీనికి మూడు కొడతారా ఎవురన్నా?"

"మూడు కొడితే నువ్వు వస్తావో రావో నాకూ తెలియాల గదా" అన్నాడు.

ముక్కలన్నీ నేనే తిన్నాను. టెంక కూడా ఆయనకివ్వలేదు. మోచేతుల దాకా రసం కారుతుండగా నిదానంగా ఇంటికొచ్చి చూస్తే, వడియాల పిండి సగం కాకులు తినేశాయి. వాటిని తోలి, చెయ్యి కడుక్కుని, ఆయనకి ఒకటి కొట్టాను. ఊపిరి పీల్చేలోపే తిరిగి ఒకటి వచ్చింది. ఆయనకి అందింది.